ఆ ప్రాసెస్ ఎన్నింటికి లేచింది?

“అయిపోయింది అని రాశావు సరే, ఆ ప్రాసెస్ ఎన్ని గంటలకు స్టార్ట్ అయింది?”

2021 డిసెంబర్‌లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో, ఒక సర్వర్‌కు భద్రతా అప్‌డేట్ వేసి నేను టికెట్ (పని నమోదు) మూసేస్తే, మా టీమ్ లీడ్ నలుగురి ముందూ అడిగిన మాట ఇది. ప్రాసెస్ అంటే సర్వర్‌లో నడుస్తున్న ప్రోగ్రాము. గొంతు పెంచలేదు, టికెట్ మాత్రం మళ్లీ ఓపెన్ చేశాడు. మనవైపు పైవాళ్లు ఇలా అడిగారంటే మన మీద నమ్మకం పోయిందనే లెక్క. పని చేశాక కూడా ఈ నిలదీయడమేమిటన్న ఉక్రోషం చాలా రోజులు పోలేదు.

అవి లాగ్‌ఫోర్‌జె రోజులు. జావా ప్రోగ్రాములకు లాగులు రాసిపెట్టే లైబ్రరీ అది. రాయాల్సిన వాక్యంలో డాలర్ గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్, లోపల జేఎన్‌డీఐ (బయటి అడ్రస్‌లో ఉన్నదాన్ని వెతికి తెచ్చే జావా సదుపాయం) అని కనిపిస్తే అప్పటి వెర్షన్లు దాన్ని ఉన్నదున్నట్టు రాసి ఊరుకునేవి కావు. అందులో ఉన్న అడ్రస్‌కు వెళ్లి, అవతలివాడు ఇచ్చిన కోడ్ తెచ్చి నడిపేసేవి. లాగిన్ పేరు గడిలో ఆ ఒక్క లైన్ టైప్ చేస్తే చాలేది. ఈ లోపానికి ఇచ్చిన నంబర్ సీవీఈ-2021-44228, తీవ్రత పదికి 10. డిసెంబర్ 11, శనివారం నాడు జర్మనీ ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ బీఎస్ఐ హెచ్చరికను ఎరుపు స్థాయికి పెంచింది.

పాత జార్ (జావా కోడ్‌ను మూటకట్టిన ఫైల్) తీసి కొత్త జార్ పెడితే అప్‌డేట్ అయిపోయినట్టే అనుకుంటాం. అయ్యేది డిస్క్ మీద మాత్రమే. లినక్స్‌లో ఫైల్ చెరిపేసినా, దాన్ని తెరిచి పట్టుకున్న ప్రాసెస్ నడుస్తున్నంతసేపూ పాత జార్ బతికే ఉంటుంది. ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్ (తెరిచి ఉన్న ఫైళ్లను చూపేది) కొడితే ఆ జార్ పక్కన ‘డిలీటెడ్’ అని కనిపిస్తుంది. డిస్క్‌ను మాత్రమే వెతికే స్కానర్ అంతా బాగుందంటుంది, జేవీఎం (జావా ప్రోగ్రాములను నడిపేది) లోపల నడిచేది మాత్రం నిన్నటి కోడే. అందుకే ప్రాసెస్ లేచిన టైమ్ అడగాలి. కొత్త జార్ పెట్టిన టైమ్ కన్నా అది ముందుదైతే ఆ మెషీన్‌లో అప్‌డేట్ జరగనట్టే.

ఇంకో తప్పు మన ‘ఎందుకైనా మంచిది’ నుంచి వస్తుంది. రోల్‌బ్యాక్‌కు, అంటే తేడా వస్తే పాతదానికి తిరిగి వెళ్లడానికి, పనికొస్తుందని పాత జార్ పేరు ముందు ‘ఓల్డ్’ తగిలించి అదే లిబ్ ఫోల్డర్‌లో ఉంచుతాం. క్లాస్‌పాత్‌లో (జావా కోడ్ కోసం వెతికే చోట్ల జాబితాలో) ఆ ఫోల్డర్ చివర స్టార్ ఉంటే, జార్ అన్న ఎక్స్‌టెన్షన్ ఉన్న ప్రతి ఫైలూ ఎక్కుతుంది. రెండు వెర్షన్లుంటే ఏది ముందు దొరుకుతుందో జావా హామీ ఇవ్వదు. దాచుకోవాలంటే ఆ ఫోల్డర్ బయట దాచాలి. కంటైనర్ల దగ్గరా ఇలాంటి చిక్కే. ప్రోగ్రామును విడిగా మూసిపెట్టి నడిపేది కంటైనర్, అది తయారయ్యే అచ్చు ఇమేజ్. నడుస్తున్న కంటైనర్లో జార్ మార్చి, ఇమేజ్ మార్చకపోతే, లోడ్ పెరిగి కొత్త కాపీ లేచినప్పుడు పాత లోపం కూడా దాంతోపాటే లేస్తుంది.

పేరుతో వెతికితే అన్నీ దొరకవు కూడా. వార్ ఫైల్ (వెబ్ అప్లికేషన్ మూట) లోపల జార్, ఫ్యాట్ జార్ (కావలసిన లైబ్రరీలన్నీ కలిపిన జార్) లోపల మరో జార్ ఉంటాయి. కొందరు వెండర్లు క్లాసులను విప్పి తమ జార్‌లోనే కలిపేస్తారు, అప్పుడు లాగ్‌ఫోర్‌జె అన్న పేరే ఉండదు. ప్రతి ఆర్కైవ్‌నూ లోపలిదాకా విప్పి, లోపానికి మూలమైన జేఎన్‌డీఐ‌లుకప్ క్లాస్ ఉందో లేదో చూడాలి. అప్‌డేట్ దొరకని చోట ఆ ఒక్క క్లాస్‌నూ జార్ నుంచి జిప్ కమాండ్‌తో తీసేసి రీస్టార్ట్ చేయడం ఆ రోజుల్లో బాగా పనికొచ్చిన మందు.

ఇవన్నీ చేసినా ఒక్క రౌండ్‌తో ముగియలేదు. 2.15.0 కొన్ని కాన్ఫిగరేషన్లలో సరిపోలేదు, 2.16.0 వచ్చింది. దాంట్లో సర్వీస్‌ను కుప్పకూల్చే లోపం బయటపడి 2.17.0, డిసెంబర్ 28న 2.17.1. అంటే ఒకే నెలలో ఒకే సర్వర్‌కు నాలుగు ‘అయిపోయింది’లు.

ఇక్కడే నాకు మనవాళ్ల తరఫున మాట్లాడాలనిపిస్తుంది. ఇక్కడి ఫ్రాంక్‌ఫర్ట్ ఆఫీసులో పట్టపగలు, డెవలపరూ డేటాబేస్ మనిషీ పక్కనుండగా, కాఫీ తాగుతూ ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వేస్తారు. రాత్రి ఎనిమిదికి వేయాల్సినవి హైదరాబాద్‌కు పంపుతారు. డిసెంబర్‌లో అయితే అప్పటికి అక్కడ పన్నెండున్నర. గచ్చిబౌలిలో ఒక్కడే కుర్రాడు నలభై సర్వర్ల లిస్టు ముందు పెట్టుకుని కూర్చుంటాడు. రీస్టార్ట్‌కు బిజినెస్ అనుమతి మెయిల్ రాదు. తెల్లారేలోపు టికెట్ మూయకపోతే ఎస్‌ఎల్‌ఏ (పని పూర్తిచేస్తామని ఒప్పుకున్న గడువు) పోతుంది. జార్ మార్చి ‘అయిపోయింది’ అని రాసేస్తాడు. అది బద్ధకం కాదు, రీస్టార్ట్ చేసే అధికారం అతనికి ఇవ్వకుండా బాధ్యత మాత్రం ఇచ్చారు.

అయినా ఆ ప్రశ్న సరైనదే. ఈ లోపంతో దాడి ప్రయత్నాలు లోకానికి తెలియకముందే, డిసెంబర్ 1నే మొదలైనట్టు క్లౌడ్‌ఫ్లేర్ లాగుల్లో కనబడింది. ప్యాచ్ తలుపు మూస్తుందే తప్ప, అంతకుముందే లోపలికొచ్చినవాణ్ని బయటకు పంపదు. పాత లాగుల్లో జేఎన్‌డీఐ లైన్లు, సర్వర్ నుంచి బయటికెళ్లిన ఎల్‌డాప్ (జేఎన్‌డీఐ వాడే ఒక ప్రోటోకాల్) కనెక్షన్లు వెతకాలి. ఏ గంట దాకా పాత కోడ్ నడిచిందో రాసి ఉంటేనే ఎప్పటిదాకా వెతకాలో తెలుస్తుంది.

ఇప్పుడు హైదరాబాద్ నుంచి “అయిపోయిందన్నా” అని మెసేజ్ వస్తే నేనూ అదే అడుగుతున్నాను, “ఎన్నింటికి లేచింది తమ్ముడూ?” అని. కాకపోతే రీస్టార్ట్ అనుమతి మెయిల్ మధ్యాహ్నమే, వాళ్ల షిఫ్ట్ మొదలవకముందే తెప్పించి పెడుతున్నాను.