తోక దగ్గర తల

"రేపు పొద్దున్నే మొదటి బస్సుకి, పిల్లలిద్దర్నీ తీసుకుని, మీ ఇంటికి..." అంటూండగా అక్క ఫోన్ కట్టయింది.

బస్సు తెలిసింది, పిల్లలు తెలిశారు, ఇల్లు నాదే. వస్తోందా, రావట్లేదా? ఇడ్లీకి పప్పు నానబొయ్యాలా వద్దా?

పదబంధంలో అసలు మాటని భాషాశాస్త్రంలో 'తల' అంటారు. ఆ తల క్రియ అయితే, ఇంగ్లీషులో కర్మ కంటే ముందే వచ్చేస్తుంది. మన తల మాత్రం తోక దగ్గర కూర్చుంటుంది! గేదె పాలు అంటే పాలు, పాల గేదె అంటే గేదె. "పక్కింటివాళ్ళ ముసలి పాల గేదె" అని ఎంత సాగదీసినా గడ్డి తినేది చివరి మాటే. విభక్తి తగిలేదీ దానికే: గేదెని, గేదెకి.

పావుగంటకి అక్క మెసేజ్. ఒక్క క్రియ: "వద్దామనుకున్నా."

అప్పటికే పప్పు నానబోసేశాను.