నేలపట్టులో గూడబాతుల పురుళ్లు

తిరుపతిలో పక్షుల మాటెత్తితే అందరూ సూళ్లూరుపేట ఫ్లెమింగో ఫెస్టివల్ గురించే చెబుతారు. ఆ జనంలో పక్షుల కంటే స్టాళ్లే ఎక్కువ కనబడతాయని నా ఉద్దేశం. అందుకే ఏ హడావుడీ లేని జనవరి ఉదయం, నేనూ మా బావా శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లాం. దొరవారిసత్రం మండలం. 2022 దాకా నెల్లూరు జిల్లా, ఇప్పుడు మన తిరుపతి జిల్లాదే.

చెరువు కట్ట ఎక్కకముందే వాసన ఎదురొచ్చింది, చేపా రెట్టా కలిసిన ఘాటు. ఎక్కి చూస్తే నీళ్లలో నిలబడ్డ కడప అనే రకం చెట్లు, వాటి నిండా గూళ్లు. చుట్టూ నీళ్లున్నంతకాలం ప్రతి చెట్టూ ఒక దీవే, నక్కా పిల్లీ గూటి దాకా రాలేవు. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండితేనే గూడబాతులు (పెలికాన్లు) ఇక్కడ కాపురం పెడతాయి. వానలు మొహం చాటేసిన ఏడు కొమ్మలు బోసిగా ఉంటాయట. 1976 నుంచి ఇది రక్షిత కేంద్రం.

వాచ్ టవర్ మీద బైనాక్యులర్ పెట్టుకుని ఒక్క గూటినే చూస్తూ కూర్చున్నాను. తల్లి వచ్చి వాలగానే కొమ్మంతా ఊగింది. అది రెక్కలు ముడిచేలోపే, తెల్లటి నూగుతో ఉన్న పిల్ల దాని గొంతు సంచిలోకి మెడ దాకా తల దూర్చేసింది. తల్లి తూలిపోయి, రెక్కలు విప్పి నిలదొక్కుకుంది. పిల్ల మాత్రం వదల్లేదు. పెద్ద గూడబాతులు దాదాపు మూగవి, అక్కడి గోలంతా పిల్లలదే. పక్క కొమ్మల్లో నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాలు, నీటికాకులు.

ఈ మేతంతా ఎక్కడిదంటే, చాలావరకు పులికాట్ సరస్సుదే. పెద్దవి అక్కడిదాకా ఎగిరివెళ్లి చేపలు పట్టి తెస్తాయి.

టీ అంగడి దగ్గర ఓ పెద్దాయన, "ఆ రెట్ట కలిసిన నీళ్లు పొలానికి పారితే యూరియా ఎందుకు నాయనా?" అన్నాడు. పక్షుల్ని ఊరు ఎందుకు కాపాడుకుంటుందో నాకు అక్కడ బోర్డులన్నిటి కంటే ఆ మాటే బాగా చెప్పింది.

మధ్యాహ్నం శ్రీహరికోట రోడ్డు మీద రాజహంసల్నీ, అంటే ఆ ఫ్లెమింగోల్నీ చూశాం. ముక్కు తలకిందులుగా ముంచి బురదనీళ్లు వడకట్టుకుంటున్నాయి. అందమైనవే, కాదనను. కానీ అవి ఇక్కడికి మేతకొచ్చే చుట్టాలు, గూడబాతులేమో పురిటికొచ్చే ఆడబిడ్డలు. నా ఓటు ఆడబిడ్డలకే.

సూళ్లూరుపేటలో భోజనానికి కూర్చుంటే బావ చేపల పులుసు వద్దన్నాడు. ఆయన వాటా కూడా నేనే వేయించుకున్నాను.