తెర మీద కనిపించిన చెరువు ఫైల్లోకి రాలేదు: నా అనుభవం

నిన్న సాయంత్రం నా పీహెచ్‌డీ సెమినార్ రెండోసారి పెట్టారు. 12 బొమ్మలూ తెర మీద నిండుగా కనిపించాయి, ఎవరూ నవ్వలేదు. మొదటిసారి ఏం జరిగిందో ఐదు నెలలుగా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పే ధైర్యం వచ్చింది. మ్యాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఉపగ్రహ చిత్రాలో, ఎక్స్‌రేలో, మైక్రోస్కోపు ఫొటోలో పెట్టుకుని కుస్తీ పడుతున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

నా పని పాకాల చెరువు మీద. మాది నర్సంపేట దగ్గర పల్లె. గణపతిదేవుడి కాలంలో, 13వ శతాబ్దిలో కట్టిన ఆ చెరువు కిందే మా నాయన ఇప్పటికీ వరి వేస్తాడు. ఏ నెలలో నీళ్లు ఎంత మేర పరుచుకుంటాయో, ఎండాకాలం ఎంత లోపలికి జరుగుతాయో సెంటినెల్-2 అనే యూరప్ ఉపగ్రహాల చిత్రాల నుంచి లెక్కగట్టాలి. ఆ చిత్రాలు ఎవరికైనా ఉచితమే. డౌన్‌లోడ్ ఒక పూట, మబ్బు లేని 12 తేదీలు ఏరుకోవడం ఒక పూట, చెరువు వరకు కత్తిరించుకోవడం ఇంకో పూట. ఇక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

ఈ చిత్రాల్లో ఒక్కో రకం కాంతి ఒక్కో బ్యాండ్‌గా విడిగా ఉంటుంది. బొమ్మ చూద్దామని ఎనిమిదో బ్యాండ్ తెరిచాను. అది నియర్ ఇన్‌ఫ్రారెడ్, మన కంటికి కనపడని కాంతి. నీళ్లు ఆ కాంతిని పీల్చేసుకుంటాయి, చెట్ల ఆకులు వెనక్కి కొడతాయి. అంటే చెరువు నల్లగా, చుట్టూ అడవి తెల్లగా రావాలి. బొమ్మను తెర మీద చూపించే కమాండ్ ఇమ్‌షో. అది కొడితే మొత్తం నలుపే వచ్చింది, చెరువూ లేదు అడవీ లేదు.

అప్పటికి నేను హనుమకొండలో ఒక కోచింగ్ సెంటర్‌లో 8,000 రూపాయలు కట్టి మ్యాట్‌ల్యాబ్ నేర్చుకుంటున్నాను. అక్కడి సార్‌ను అడిగితే స్క్రీన్ వైపు చూడకుండానే, "డబుల్ చేయండి మేడం, అన్నీ సెట్ అయితయి" అన్నాడు. చేశాను. అంటే అంకెలను దశాంశాలు పట్టే రకంలోకి మార్చడం. ఈసారి మొత్తం తెలుపు. మర్నాడు మళ్లీ అడిగితే, "మీ డేటానే ఖరాబున్నది" అన్నాడు. ఆ మాట నమ్మి మూడు రోజులు అవే చిత్రాలు మళ్లీ డౌన్‌లోడ్ చేశాను. డేటాకు ఏమీ కాలేదు. ఆయనకు తెలియదు, తెలియదని చెప్పలేదు, అంతే. అలాంటి చోట డబ్బు కట్టకండి. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే సహాయ పేజీలో ఇమ్‌షో గురించి రాసిన మొదటి రెండు పేరాలు చదివినా నాకు ఆ 8,000 మిగిలేవి.

అసలు సంగతి చిన్నది. సెంటినెల్ ఫైల్లో విలువలు 16 బిట్లలో ఉంటాయి. నేల తిప్పికొట్టిన కాంతి భాగాన్ని 10,000తో హెచ్చవేసి పెడతారు (2022 జనవరి నుంచి దానికి 1,000 కూడా కలుపుతున్నారు, దాన్ని ముందే తీసేయాలి) కాబట్టి మామూలు నేల మీద చాలామటుకు 5,000 దాటదు. ఇమ్‌షో మాత్రం 16 బిట్ల ఫైలు అనగానే 0 నలుపు, 65,535 తెలుపు అనుకుంటుంది. ఆ లెక్కన 4,000 అంటే మన కంటికి నలుపే. అదే డబుల్‌గా మారిస్తే 0 నలుపు, 1 తెలుపు. అప్పుడు 300 అయినా 4,000 అయినా ఒకటికి మించినదే, అంతా తెలుపే. ల్యాబ్‌లో ఒక జూనియర్ అమ్మాయి నా వెనక నిలబడి చూసి, "అక్కా, కామా పెట్టి ఖాళీ బ్రాకెట్లు ఇచ్చి చూడు" అంది. ఇమ్‌షోలో చిత్రం పేరు తర్వాత ఖాళీ చదరపు బ్రాకెట్లు ఇచ్చాను. అన్నిటికంటే చిన్న విలువ నలుపు, పెద్దది తెలుపు అయ్యాయి. చెరువు వచ్చింది. కట్ట సన్నటి గీతలా, దాని వెనక నల్లటి నీళ్లు, నీళ్లలోకి చొచ్చుకొచ్చిన గుట్టల కొనలు. చిన్నప్పటి నుంచి కట్ట మీద నిలబడి చూసిన చెరువును మొదటిసారి పైనుంచి చూశాను. కళ్లు చెమ్మగిల్లాయి.

నన్ను ముంచింది కూడా ఆ బ్రాకెట్లే.

సెమినార్‌కు ముందు రాత్రి 12 బొమ్మలూ ఒకే సైజులో ఉండాలని లూప్ రాశాను. ఒక్కో తేదీ తెరవడం, డబుల్ చేయడం, బ్రాకెట్లతో ఇమ్‌షో చేయడం, ఇమ్‌రైట్‌తో పీఎన్‌జీ ఫైలుగా రాయడం. తెర మీద ఒక్కో నెలా చెరువు పెరుగుతూ తరుగుతూ చక్కగా కనిపించింది. స్లైడ్లు లాటెక్‌లో, అంటే బొమ్మలను ఫైలు పేరుతో పిలుచుకునే సాఫ్ట్‌వేర్‌లో చేశాను కాబట్టి పాత బొమ్మల చోట అవే పేర్లతో కొత్తవి వచ్చి కూర్చున్నాయి. మళ్లీ కంపైల్ చేసి, ఎర్రర్ రాలేదని చూసుకుని, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పడుకున్నాను. అప్పటికి రాత్రి రెండు.

పొద్దున కమిటీ కూర్చుంది. చాయ్, సమోసాలు మాలో ఎవరి సెమినార్ అయితే వాళ్లే తెప్పించాలి, తెప్పించాను. ఏడో స్లైడ్ దాకా బాగానే నడిచింది. తర్వాతది నొక్కితే తెల్లటి డబ్బా, దాని కింద 'జనవరి' అని అక్షరాలు. ఇంకోటి నొక్కాను. తెల్లటి డబ్బా, కింద 'ఫిబ్రవరి'. ప్రొజెక్టర్‌లో ఏదో ప్రాబ్లం సార్ అన్నాను. బయటి నుంచి వచ్చిన పెద్దాయన, "ప్రొజెక్టర్‌ది కాదమ్మా, అక్షరాలు మంచిగనే కనపడుతున్నయి గదా" అన్నాడు. ఇంకో రెండు స్లైడ్లు చూసి, "పాకాల చూపెడతనని పిలిచి తెల్ల కాగితాలు చూపెడుతున్నవేందమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను తెప్పించిన సమోసాలు తింటూ నవ్వారు. మా గైడ్ ఫోన్ చూసుకుంటున్నారు. ఆపమని ఎవరూ చెప్పలేదు, నాకూ ఆపాలని తోచలేదు. డిసెంబర్ దాకా 12 తెల్ల డబ్బాలూ నొక్కాను. వేళ్లు చల్లబడిపోవడం, మౌస్ తడిసిపోవడం ఇప్పటికీ గుర్తుంది. 'చిత్రాలు లేవు, మళ్లీ సమర్పించాలి' అని రిపోర్టులో రాశారు.

ఆ రోజు నర్సంపేట బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఇంటికి పోగానే నాయన, "ఎట్లయింది బిడ్డా" అంటే, "మంచిగైంది నాయనా" అన్నాను. ఆయనతో నేను ఆడిన పెద్ద అబద్ధం అదే.

కమిటీలో కూర్చునే పెద్దలకు ఒక్క మాట. తప్పు నాదే, కాదనను. కానీ ఫైలు ఎట్లా రాశావమ్మా అని అడిగి ఉంటే అక్కడికక్కడే బయటపడేది. నవ్వడానికి పట్టిన సమయం కూడా పట్టేది కాదు.

తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి వారం పట్టింది. బ్రాకెట్లు పెట్టినప్పుడు మారేది చూపించే తీరు మాత్రమే. చిత్రంలోని అంకెలు ఎట్లా ఉన్నవి అట్లాగే ఉంటాయి. ఇమ్‌రైట్ తెర వైపు చూడదు, అంకెలనే చూస్తుంది. డబుల్ అంకెలు వస్తే 0కీ 1కీ మధ్య ఉన్నాయనుకుని 255తో హెచ్చవేసి రాస్తుంది. ఒకటి దాటినవన్నీ 255, అంటే తెలుపు. అందుకే తెర మీద చెరువు, ఫైల్లో తెల్ల కాగితం. ఎర్రర్ కూడా రాదు, ఎందుకంటే దాని దృష్టిలో అది చేయాల్సిన పనే చేసింది.

కాబట్టి రాసే ముందే అంకెలను 0, 1 మధ్యకు తేవాలి. మ్యాట్‌టుగ్రే అనే కమాండ్ ఆ పని చేస్తుంది. కానీ దానికి హద్దులు మీరే ఇవ్వండి. ఊరికే వదిలేస్తే ప్రతి బొమ్మకూ దాని చిన్న విలువ, పెద్ద విలువ విడిగా తీసుకుంటుంది. అప్పుడు మే నెల బూడిద రంగూ అక్టోబర్ బూడిద రంగూ ఒకటి కాదు, పక్కపక్కన పెట్టి పోల్చడానికి లేదు. నేను 12 తేదీలకూ 0 నుంచి 4,000 అని ఒకే హద్దు పెట్టాను. రాసిన వెంటనే అదే ఫైలును ఇమ్‌రీడ్‌తో మళ్లీ చదివి, చిన్న విలువ, పెద్ద విలువ ప్రింట్ చేయించే రెండు లైన్లు లూప్‌లోనే పెట్టాను. రెండూ 255 అని వస్తే ఆగిపోవాలి. ఈ రెండు లైన్లు ఆ రాత్రే ఉండి ఉంటే!

డబుల్ చేయడమే తప్పని మాత్రం అనుకోకండి. ఏ పిక్సెల్‌లో నీళ్లున్నాయో చెప్పే అంకెను, అంటే నీటి సూచికను కట్టేటప్పుడు అది తప్పనిసరి. మెక్‌ఫీటర్స్ అనే పరిశోధకుడు 1996లో చెప్పిన సూత్రం ప్రకారం ఆకుపచ్చ బ్యాండ్‌లోంచి నియర్ ఇన్‌ఫ్రారెడ్ తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగించాలి. 16 బిట్ల అంకెలతోనే చేస్తే 900లోంచి 2,500 పోతే సున్నా అంటుంది, రుణసంఖ్య ఉండదు. భాగిస్తే వచ్చేది పూర్ణసంఖ్యకు సరిపెట్టేస్తుంది, 0.4 కాస్తా సున్నా అవుతుంది. అక్కడ నీళ్లున్నా లేనట్టే.

సూచికను రంగుల్లో చూపడానికి ఇమేజ్‌ఎస్‌సీ అనే కమాండ్ వాడాను. యాక్సిస్ ఇమేజ్ అని ఇవ్వకపోతే చెరువును అడ్డంగా సాగదీస్తుంది. రంగుల పట్టీకి కూడా కాక్సిస్‌తో ఒకే హద్దు పెట్టాలి. 2022 నుంచి కొత్త వెర్షన్లలో దాని పేరు సీలిమ్. అందరూ వాడే ఇంద్రధనుస్సు రంగులు, అంటే జెట్, నేను మానేశాను. కమిటీకి ఇచ్చే కాపీలు బ్లాక్ అండ్ వైట్ జిరాక్స్. జెట్‌లో ఒక చివర ముదురు నీలం, ఇంకో చివర ముదురు ఎరుపు, జిరాక్స్‌లో రెండూ ఒకే నలుపు. లోతు నీళ్లూ ఎండిన నేలా ఒకటైపోతాయి. 2014 చివరి నుంచి మ్యాట్‌ల్యాబ్ తనంతట తానే ఇచ్చే పరులా రంగుల్లో ఒక చివర ముదురు, ఇంకో చివర లేత. జిరాక్స్‌లో కూడా తేడా నిలుస్తుంది.

కొలపట్టీ, అక్షరాలతో సహా సేవ్ చేయాలంటే ఇమ్‌రైట్ కుదరదు. సేవ్‌యాజ్‌లో రిజల్యూషన్ మన చేతిలో ఉండదు. ఎక్స్‌పోర్ట్‌గ్రాఫిక్స్ 2020లో వచ్చింది, మా ల్యాబ్‌లో ఉన్నది 2018 వెర్షన్. అందుకని ప్రింట్ కమాండ్‌తో 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు ఇచ్చాను. అంతకుముందే ఫిగర్ సైజు 16 సెంటీమీటర్లని పెట్టుకున్నాను, ఆ లెక్కన దాదాపు 1,890 పిక్సెళ్ల వెడల్పు వస్తుంది. మ్యాట్‌ల్యాబ్‌లో మళ్లీ తెరిచి మార్చుకోగల ఫిగ్ ఫైలు కూడా సేవ్ చేసి ఉంచండి, తర్వాత అక్షరం మార్చమంటే మొత్తం మళ్లీ నడపనక్కర్లేదు. జేపీజీ వద్దు, అక్షరాల చుట్టూ మరకలు వస్తాయి. విస్తీర్ణం మాత్రం బొమ్మ నుంచి ఎప్పుడూ లెక్కించకండి, అసలు అంకెల నుంచే లెక్కించండి. పిక్సెల్ 10 మీటర్లకు 10 మీటర్లు, 10,000 పిక్సెళ్లయితే ఒక చదరపు కిలోమీటరు.

ప్రింట్ షాపులో ఇంకో దెబ్బ. చౌరస్తా దగ్గర ఒక షాపులో, "వాట్సాప్ చేయండి అక్కా, తీసిస్త" అన్నాడు. ఫొటోలుగా పంపాను. వాట్సాప్ ఫొటోలను కుదించి పంపుతుంది. కొలపట్టీ మీది అంకెలు అలికినట్టు వచ్చాయి. మీ బొమ్మే అట్లుందని డబ్బులు తీసుకున్నాడు. ఆ షాపుకు మళ్లీ పోలేదు, పోను. పెన్‌డ్రైవ్ పట్టుకుని పోండి, తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపండి.

ఇప్పుడు మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరి బొమ్మ నల్లబడినా తెల్లబడినా నా దగ్గరికే వస్తారు. నేను స్క్రీన్ చూశాకే జవాబు చెప్తాను.

నిన్న ఆ పెద్దాయనే వచ్చాడు. 12 బొమ్మలూ చూశాడు, మే నెల దగ్గర ఒక నిమిషం ఆగమన్నాడు, కట్ట ఎటుందని అడిగాడు. పోయినసారి సంగతి ఎత్తలేదు. ఆమోదించారు.

రాత్రి ఇంటికి పోయి అక్టోబర్ ప్రింట్ నాయన ముందు పరిచాను. ముందు కట్ట పట్టుకున్నాడు, కట్ట వెంట పోయి తూము, తర్వాత అలుగు. తర్వాత అంచున ఉన్న చిన్న నల్ల మరక మీద వేలు పెట్టాడు. "గిది నీళ్లు గాదు బిడ్డా. గీడ గుట్ట ఉంటది. గుట్ట మీదికి నీళ్లెట్లెక్కుతయి?" ల్యాప్‌టాప్ తెరిచి కత్తిరించని చిత్రం చూశాను. నేను కోసేసిన అంచుకు అవతల చిన్న మబ్బు తునక ఉంది, ఆ మరక దాని నీడ. కమిటీలో ఎవరికీ అది కనపడలేదు. నాయన గోటి గుర్తు పడ్డ చోట పెన్సిల్‌తో చుట్టి, పక్కన తేదీ రాసుకున్నాను. రేపు ల్యాబ్ తెరవగానే అక్టోబర్ విస్తీర్ణం మళ్లీ కట్టాలి.