డోసులు మన దగ్గర, లొల్లి ప్రపంచమంతా

2020 డిసెంబర్ 9న అరవైకి పైగా దేశాల రాయబారులు, హైకమిషనర్లు ఒకేరోజు హైదరాబాద్‌లో దిగి జీనోమ్ వ్యాలీకి పోయారు, గుర్తుందా? కోవిడ్ టీకాల మీద పనిచేస్తున్న భారత్ బయోటెక్, బయోలాజికల్ ఇ కంపెనీలు చూడ్డానికి. అంతకు పదకొండు రోజుల ముందే ప్రధాని కూడా వచ్చి చూసి పోయిండు. మామూలుగా విదేశాంగ విధానం అంటే ఢిల్లీ సౌత్ బ్లాక్‌లో సూట్లు వేసుకున్నవాళ్ళ యవ్వారం అనుకుంటాం, ఆ ఏడాది మాత్రం అది మన శామీర్‌పేట దాటినాక తుర్కపల్లి దగ్గర నడిచింది.

వ్యాక్సిన్ జాతీయవాదం, అంటే టీకా ముందు మా దేశానికే అనడం, దాని గురించి ఎవరు రాసినా ఏదో ట్రంప్ తప్పనో, యూరప్ స్వార్థమనో రాస్తారు. నాకు అట్ల అనిపించదు. అది మన ఇళ్ళలోనే, మన వాట్సాప్ గ్రూపుల్లోనే, మూణ్ణెల్లలో ఎట్ల పుట్టి ఎట్ల తిరగబడిందో కళ్ళారా చూసినం కదా.

2021 జనవరి 20న వేరే దేశాలకి టీకాలు పంపే మన ప్రభుత్వ కార్యక్రమం వ్యాక్సిన్ మైత్రి మొదలైంది, ముందు భూటాన్‌కి, మాల్దీవులకి పోయినయి డోసులు. రెండ్రోజులకి బ్రెజిల్ అధ్యక్షుడు బోల్సొనారో హనుమంతుడు సంజీవని బదులు వ్యాక్సిన్ మోసుకొస్తున్న బొమ్మ ట్వీట్ చేసి థాంక్స్ చెప్పిండు (అవి పుణె సీరమ్ ఇన్‌స్టిట్యూట్ కంపెనీ వాళ్ళ కోవిషీల్డ్ డోసులు లెండి, మన హైదరాబాద్‌వి కావు, కానీ ఎవరికి పట్టింది). ఆ బొమ్మ మా ఫ్యామిలీ గ్రూపులో ఎన్నిసార్లు వచ్చిందో. ప్రపంచానికే మందు పంపే దేశం అని అందరం ఛాతీ విరుచుకున్నాం. మన భారత్ బయోటెక్ కోవాక్సిన్‌కి మూడో దశ ట్రయల్స్ ఫలితాలు రాకముందే జనవరి 3న అనుమతి ఎట్ల ఇచ్చారు అని ఎవడైనా అడిగితే వాడికి దేశద్రోహి అని ముద్ర. ఒక టీకా గురించి డేటా అడగడం దేశభక్తి పరీక్ష అయిపోవడం నాకు అప్పుడూ నచ్చలే, ఇప్పుడూ నచ్చదు.

తర్వాత ఏప్రిల్ వచ్చింది. ఆక్సిజన్ సిలిండర్ల కోసం ఫోన్లు, గాంధీ ఆసుపత్రి ముందు అంబులెన్సులు, టీకా బుకింగ్ సైట్ కోవిన్‌లో స్లాట్ తెరుచుకున్న నిమిషంలోనే ఖాళీ. అప్పటికి ఆరు కోట్లకు పైగా డోసులు బయటికి పోయినయి, అదే గ్రూపులో అదే మా పెదనాన్న "మన పిల్లలకు పోయాల్సిన మందు బయటోడికి ఎందుకు పోసిన్రురా" అని వాయిస్ మెసేజ్ పెట్టిండు. ఆయన్ని తప్పుపట్టలేం. ఎగుమతులు ఆగిపోయినయి, మళ్ళీ అక్టోబర్‌ దాకా కదల్లే.

మనకు కనిపించంది ఏంటంటే ఆ ఆగిపోవడం అవతల ఎవరి నెత్తిన పడిందో. బంగ్లాదేశ్ మూడు కోట్ల డోసులకి ఒప్పందం చేసుకుంటే డెబ్భై లక్షలు అందినాక సప్లై ఆగింది. నేపాల్‌లో మొదటి డోసు తీసుకున్న పెద్దవాళ్ళు రెండోది ఎప్పుడొస్తదో తెలియక నెలల తరబడి ఎదురుచూశారు. కోవాక్స్‌ది ఇంకో కథ, పేద దేశాలకి డోసులిద్దామని పెట్టిన ఆ పథకం ఎక్కువగా సీరమ్‌నే నమ్ముకుంది, దాంతో ఆఫ్రికా దేశాలకి రావాల్సినవీ రాలే. ఆ ఖాళీలోకి చైనా సైనోఫార్మ్ డోసులతో వచ్చి కూర్చుంది, ఢాకాలోనూ ఖాట్మండులోనూ. జనవరిలో మనం సంపాదించిన పేరు జూన్‌కల్లా చాలావరకు వాళ్ళ ఖాతాలో పడింది.

మనమొక్కళ్ళమే అని కాదు. ఇటలీ ఆస్ట్రేలియాకి పోవాల్సిన రెండున్నర లక్షల ఆస్ట్రాజెనెకా డోసుల్ని ఆపేసింది. అమెరికా ముడిసరుకు ఆపొద్దని సీరమ్ అధినేత నేరుగా బైడెన్‌కే ట్వీట్ పెట్టాల్సి వచ్చింది.

నాకు అన్నిటికన్నా విచిత్రంగా అనిపించింది పరాగ్వే సంగతి. తైవాన్ తనదే అంటది చైనా, ఈ చిన్న దేశమేమో చైనాని కాకుండా తైవాన్‌ని గుర్తిస్తది, కాబట్టి చైనా టీకాలు కావాలంటే తైవాన్‌ని వదిలేయండి అనే మాటలు మొదలైనయి. అప్పుడు తైవాన్ మనలాంటి దేశాలతో మాట్లాడింది, 2021 మార్చిలో లక్ష కోవాక్సిన్ డోసులు పరాగ్వేకి చేరినయి, ఆ తర్వాత తైవాన్ విదేశాంగ మంత్రి ఇండియా సాయం గురించి బహిరంగంగానే చెప్పిండు. అంటే తుర్కపల్లి వ్యాక్సిన్ తైవాన్ జలసంధి గొడవలో ఒక పావు అయింది! మ్యాపులో పరాగ్వే ఎక్కడుందో కూడా మనలో సగంమందికి తెల్వదు.

ఇక సర్టిఫికెట్ల గోల. మా చిన్నమ్మ కొడుకు ఎంఎస్ సీటు తెచ్చుకుని కోవాక్సిన్ రెండు డోసులూ వేసుకుని రెడీగా ఉంటే యూనివర్సిటీ వాళ్ళు ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్ల్యూహెచ్ఓ లిస్టులో లేదు, ఇక్కడికొచ్చాక మళ్ళీ వేసుకోవాలన్నారు. వాడి ఫ్రెండ్స్ ఏమో నారాయణగూడలోని ప్రభుత్వ టీకా సెంటర్ ఐపీఎంలో విదేశాలకి పోయే స్టూడెంట్స్ లైన్లో నిలబడి కోవిషీల్డ్ వేయించుకుని హాయిగా పోయిన్రు. కోవాక్సిన్‌కి డబ్ల్యూహెచ్ఓ అనుమతి 2021 నవంబర్ 3న గానీ రాలే. కోవిషీల్డ్ వాళ్ళకీ సుఖం లేదు, బ్రిటన్ ముందు టీకానే లెక్కలోకి తీసుకోలే, తర్వాత టీకా ఓకే గానీ మీ సర్టిఫికెట్ ఒప్పుకోం అన్నది, అదే బ్రిటన్ మార్చిలో అదే సీరమ్ నుంచి యాభై లక్షల డోసులు తెప్పించుకుంది. మనవాళ్ళకు కాలింది, అక్టోబర్ 4 నుంచి బ్రిటిష్ వాళ్ళకీ పది రోజుల క్వారంటైన్ పెట్టారు, వారం తిరక్కముందే వాళ్ళు దిగొచ్చారు. నిజం చెప్పాలంటే ఆ ఒక్కటి చూసి నాకూ మస్తు ఖుషీ అయింది.

చైనా మీద కోపం మాత్రం మన దగ్గర ఉత్త మాటల్లో లేదు. 2020 జూన్‌లో గల్వాన్‌లో సూర్యాపేటకి చెందిన కల్నల్ సంతోష్ బాబు అమరుడయ్యాక నెల కూడా గడవకముందే టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లు బ్యాన్. జనం చైనా వస్తువులు కొనం అన్నారు, న్యాయమే. కానీ జీడిమెట్లలో, బొల్లారంలో బల్క్ డ్రగ్ (మందుల్లో వాడే అసలు ముడిమందు) కంపెనీల్లో పనిచేసేవాళ్ళని అడగండి, అదే నెలలో వాళ్ళు చైనా సప్లయర్లతో ఇంటర్మీడియట్ల (మందు తయారీలో మధ్యదశ రసాయనాల) కోసం బతిమాలుకుంటున్నారు. పారాసిటమాల్‌కి కావాల్సిన పారా అమినో ఫినాల్ కూడా ఎక్కువగా అక్కడి నుంచే వస్తుండె. సోవియట్ సాయంతో బాలానగర్‌లో పెట్టిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌ నుంచి మొదలైన మన ఫార్మా, చౌకగా దొరుకుతుందని ఏళ్ళ తరబడి చైనా మీద ఆనుకుంది, అది కోపంతో ఒక్క ఏడాదిలో తెగేది కాదు. ఇక్కడే తయారుచేస్తే ప్రోత్సాహకాలిచ్చే పీఎల్ఐ స్కీములు పెట్టారు, కొన్ని ఫ్యాక్టరీలు వస్తున్నయి, నెమ్మదిగా.

నాకైతే తోచే దారి ఒకటే, టీకా తయారీని ఎక్కువ చోట్లకి పంచడం. పేటెంట్లు కొన్నాళ్ళు పక్కనపెట్టమని ఇండియా, దక్షిణాఫ్రికా 2020 అక్టోబర్‌లో అడిగితే ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీవో 2022 జూన్‌లో అరకొరగా ఒప్పుకుంది, అప్పటికి అవసరం చాలావరకు దాటిపోయింది. ఆ ఏడాదే డబ్ల్యూహెచ్ఓ ఎంఆర్ఎన్ఏ అనే కొత్త రకం టీకా టెక్నాలజీ ఇవ్వడానికి మన బయోలాజికల్ ఇని ఎంచుకుంది, ఇలాంటివి ఇంకో యాభై జరగాలి. మంచితనం మీద నమ్మకం పెట్టుకుంటే లాభం లేదు, ఓట్లు అడగాల్సిన ఏ ప్రభుత్వమైనా ఏప్రిల్‌లో మనోళ్ళు చేసిందే చేస్తది.

2025 మేలో డబ్ల్యూహెచ్ఓ దేశాలు ప్యాండెమిక్ ఒప్పందం ఒకటి ఆమోదించినయి, అమెరికా బయటే ఉంది. అందులో చేరిన కంపెనీలు మహమ్మారి టైంలో తయారీలో 20 శాతం వరకు డబ్ల్యూహెచ్ఓకి అందుబాటులో ఉంచాలనేది లక్ష్యం, అది ఎట్ల నడవాలనే అసలు చిక్కుముడిని మాత్రం వేరే అనుబంధానికి వదిలేశారు. 20 శాతం అంటే ప్రతి ఐదు డోసుల్లో ఒకటి. 2021 మేలో ఆ ఒక్కటి పంపుదామంటే మా కాలనీలో ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు, నేనైతే అస్సలు ఒప్పుకునేవాణ్ణి కాదు.