ఒకే కడ్డీ మీద బిగువూ వదులూ

ఈ ఉదయం నిద్ర లేవగానే నేను చేసిన మొదటి పని, ఫ్రీజర్ తలుపు తీసి, రాత్రి గుడ్డలో చుట్టి పెట్టిన రెండు డెల్రిన్ బుష్‌లూ (డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన, ఉంగరాల్లాంటి బేరింగులు) అక్కడే ఉన్నాయా అని చూసుకోవడం. ఎక్కడికీ పోవని తెలిసినా చూశాను. నాలుగు రోజులుగా పడవ ఒడ్డు మీద ఉంది, దాని చుక్కాని పక్కనే రెండు దుంగల మీద పడుకుని ఉంది, నేను ఆ రెండింటి మధ్యా తిరుగుతున్నాను. ఈ రోజు చుక్కాని కడ్డీ మళ్లీ పడవలోని తన గొట్టంలోకి, పైనొకటీ కిందొకటీ ఉండే ఆ బుష్‌ల గుండా వెళ్లాలి.

లంగరు వేసి పడుకున్న రాత్రుల్లో పడవ వెనుక భాగం నుంచి టక్, టక్ అని చప్పుడు రావడం మొదలై రెండేళ్లు దాటింది. అల వచ్చి చుక్కాని పలకను ఒక పక్కకు నెడితే ఒక టక్కు, తిరుగు నీరు రెండో పక్కకు నెడితే మరొకటి. బేరింగు అరిగిందేమోనన్న అనుమానం అప్పుడే కలిగింది గానీ, అదే కాలంలో స్టీరింగ్ చక్రం నెలనెలకూ బరువెక్కుతుండటం చూసి ఆ అనుమానాన్ని నేనే కొట్టిపారేశాను. అరిగినది వదులవుతుంది, వదులైనది తేలికగా తిరుగుతుంది, ఇదేమో భుజాలు నొప్పి పుట్టేంత బిగువుగా ఉంది, కాబట్టి తప్పు తీగల్లోనే ఉండాలని తీర్మానించి, చక్రం నుంచి క్వాడ్రంటుకు (చుక్కాని కడ్డీకి బిగించి, దానిని తిప్పే చక్రపు ముక్కకు) వచ్చే తీగలను బిగించి, కప్పీలకు నూనె వేశాను. చక్రం ఇంకొంచెం బరువెక్కింది. చప్పుడు మాత్రం మానలేదు.

పడవను ఒడ్డెక్కించాక చక్రాన్ని తాడుతో కదలకుండా కట్టి, చుక్కాని పలక అడుగు అంచును రెండు చేతులా పట్టుకుని అడ్డంగా ఊపి చూశాను. ఆ ఊపుకు పలక కడ్డీ చుట్టూ తిరిగితే తప్పు తీగల్లోనో క్వాడ్రంటులోనో ఉన్నట్టు. తిరగకుండా కడ్డీయే పక్కకు జరిగితే బేరింగులో ఉన్నట్టు. కడ్డీయే జరిగింది. అడుగు అంచు దగ్గర కొలిస్తే ఇటునుంచి అటు 5 మిల్లీమీటర్ల దాకా కదలిక ఉంది. నా పడవలో రెండు బేరింగుల మధ్య దూరం 800 మిల్లీమీటర్లు, కింది బేరింగు నుంచి పలక అడుగు వరకు 1600. పై బేరింగు కడ్డీని గట్టిగా పట్టుకుని ఉందనుకుంటే, కింద ఉన్న వదులు పలక అంచుకు వచ్చేసరికి మూడింతలవుతుంది. అంటే కింది బుష్‌లో దాదాపు 1.5 మిల్లీమీటర్లు అరిగిపోయి ఉండాలి.

కింది బేరింగే ముందు ఎందుకు అరుగుతుందో కూడా ఆ కొలతలే చెబుతాయి. నీటి ఒత్తిడి పలక మీద, కింది బేరింగుకు 600 మిల్లీమీటర్ల దిగువన, 100 కిలోల బలంతో నెడుతోందనుకుంటే, పై బేరింగు దానికి ఎదురు దిక్కున 75 కిలోలు మోయాలి, కింది బేరింగు ఏకంగా 175 కిలోలు మోయాలి. పలక మీద పడే బలం కంటే దానిని పట్టుకునే బుష్ మీద పడే బలమే ఎక్కువన్న సంగతి, కాగితం మీద లెక్క వేసుకునేదాకా నాకు తోచలేదు.

చుక్కానిని దించడం ఒక రోజు పని. కడ్డీ పొడవంతా బయటికి రావాలంటే పలక కింద తగినంత ఖాళీ కావాలి, అది లేక రెండడుగుల లోతు గొయ్యి తవ్వవలసి వచ్చింది. క్వాడ్రంటునూ, దానిని కడ్డీకి పట్టి ఉంచే కీనీ తీసి, పలక కింద జాకీ ఆనించాకనే, చుక్కాని కిందికి జారకుండా కడ్డీ పైన పట్టి ఉంచే కాలర్‌ను విప్పాను. నీటిలో తేలికగా అనిపించే చుక్కాని గాలిలో 70 కిలోలు ఉంటుంది, కాలర్ వదిలిన క్షణంలో ఆ బరువంతా కిందికే వస్తుంది. అయినా అది సగం దూరం వచ్చి ఆగిపోయింది. పై బుష్ దానిని వదలలేదు. చక్రం బరువెక్కడానికి కారణం అక్కడ దొరికింది.

ఈ పడవ నా చేతికి రాకముందు ఎవరో పై బుష్‌ను మాత్రమే మార్చి, నైలాన్‌తో చేసినది వేశారు. నైలాన్ చూడటానికి డెల్రిన్‌లాగే ఉంటుంది గానీ నీటిని పీల్చుకుంటుంది. నైలాన్ 6 రకం పూర్తిగా నానితే తన బరువులో సుమారు 9 శాతం నీరు తాగుతుంది, డెల్రిన్ 1 శాతం లోపే ఆగుతుంది. తాగిన నీటికి ఉబ్బిన బుష్‌ను బయట ఉన్న గొట్టం పెరగనివ్వదు కాబట్టి ఆ ఉబ్బు రంధ్రంలోకి వస్తుంది. కడ్డీ 60 మిల్లీమీటర్లు, ఆ బుష్ రంధ్రం 59.9. కింద వదులైనదీ పైన బిగుసుకున్నదీ ఒకే కడ్డీ మీద ఉన్నాయి, పైదాని బిగువు చూసి కిందిదాని అరుగుదలను నేను నమ్మలేదు. తీగలు బిగించి చక్రాన్ని మరింత బరువెక్కించిన నా వైద్యం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

కింది బుష్ రంధ్రం గుండ్రంగా లేదు. ముందు వెనుకలుగా 60.5, అడ్డంగా 61.4. కడ్డీ కూడా అక్కడ అడ్డంగా 59.86కు తగ్గింది. స్టెయిన్‌లెస్ స్టీలుకు గాలి తగలని నిలవ నీటిలో సన్నని గుంటలు పడి లోపలికి తొలిచే జబ్బు ఉంది, అందుకే బుష్ కింద దాగి ఉండే భాగాన్ని భూతద్దం పెట్టి మరీ చూశాను. గోధుమ రంగు మరక తప్ప గుంటలు కనబడలేదు. గుంటలు ఉండి ఉంటే ఈ రాత్రి రాయవలసినది బుష్ గురించి కాదు, కొత్త కడ్డీ గురించి.

పాత బుష్‌లను లేత్ పని చేసే పెద్దాయన దగ్గరకు తీసుకువెళ్లి "ఇలాంటివే చేసిపెట్టండి" అంటే, ఆయన వాటిని పక్కన పెట్టి "వీటిని చూసి చేస్తే అరుగుదలను కూడా కొత్తగా చేసి ఇచ్చినట్టవుతుందండీ, కడ్డీ కొలత, గొట్టం కొలత తీసుకురండి" అన్నారు. గొట్టం లోపలి వ్యాసం 80, అందువల్ల బుష్ బయటి వ్యాసం 80.1, రంధ్రం 60.4 అని ఖాయం చేసుకున్నాం. బిగించాక రంధ్రం ఆ ఎక్కువైన 0.1 మిల్లీమీటరు మేర కుంచించుకుని 60.3 అవుతుందని మా అంచనా. తనంతట తాను కడ్డీ వంపుకు సర్దుకునే రోలర్ బేరింగులు వేయవచ్చునన్న ఆలోచన రాకపోలేదు. పెద్ద పడవల్లో కడ్డీ బాగా వంగుతుంది కాబట్టి అక్కడ వాటి అవసరం ఉంది, నా చిన్న పడవకు సాదా బుష్ చాలునని ఊరుకున్నాను.

ఫ్రీజర్ సంగతి ఇందుకే. డెల్రిన్ చలికి బాగా ముడుచుకుంటుంది. 30 డిగ్రీల నుంచి మైనస్ 18కి దిగితే 80 మిల్లీమీటర్ల బుష్ సుమారు 0.4 తగ్గుతుంది, అంటే మిల్లీమీటరులో పదోవంతు ఎక్కువగా చేసిన బుష్ చేత్తో తోస్తే వెళ్లిపోవాలి. కిందిది అలాగే, ఒక్క తోపుతో వెళ్లి కూర్చుంది. ఆ సంబరంలో పైదాన్ని చేతిలో పట్టుకుని గ్రబ్ స్క్రూ (బుష్‌ను కదలకుండా పట్టే తల లేని చిన్న స్క్రూ) గుంట ఎటు ఉండాలో తేల్చుకుంటూ నిలబడ్డాను. ఆ రెండు నిమిషాలకే అది వేడెక్కి, మూడోవంతు దూరం వెళ్లి ఇరుక్కుంది. సుత్తి జోలికి పోకుండా, మరలు ఉన్న పొడవాటి రాడ్డుకు రెండు ఇనుప బిళ్లలు తగిలించి, నట్టును పావు చుట్టు చొప్పున బిగిస్తూ గంటసేపు లాగాక లోపలికి వచ్చింది. డెల్రిన్‌కు ఏ జిగురూ సరిగా అంటుకోదు కాబట్టి రెండు బుష్‌లనూ పట్టి ఉంచేది ఆ గ్రబ్ స్క్రూలే.

రంధ్రం కొలిస్తే కింద 60.3 వచ్చింది, పైన 60.16. గొట్టం పై కొస కొంచెం ఇరుకుగా ఉన్నట్టుంది, నేను ఒకచోటనే కొలిచి సరిపెట్టుకున్నాను. పైపుకు ఎమరీ కాగితం చుట్టి, పది రుద్దులకొకసారి కొలుస్తూ, మధ్యాహ్నమంతా ఆ 0.14 మిల్లీమీటరు మీదనే గడిపాను. యార్డులో పనిచేసే ఆయన జాలిపడి గ్రీజు డబ్బా తెచ్చి ఇవ్వబోయారు, వద్దన్నాను. ఈ బుష్‌లకు నీరే చాలు, గ్రీజు పెడితే ఇసుక అంటుకుని అదే ఆకురాయిలా అరగదీస్తుంది.

సాయంత్రం ఇద్దరం కలిసి, జాకీ ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా కింద ఒక చెక్క ముక్క పేరుస్తూ, చుక్కానిని గొయ్యిలోంచి పైకి లేపాం. కడ్డీ రెండు బుష్‌లలోనూ ఎక్కడా పట్టకుండా వెళ్లింది. వాషరు, కాలర్ పెట్టి బిగించాక పలకను ఒక వేలితో ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పగలిగాను. అడుగు అంచు పట్టుకుని ఊపితే కదలిక రెండు మిల్లీమీటర్లకు కొంచెం లోపే ఉంది, లెక్క ప్రకారం ఉండవలసినదీ అంతే.

కొలతలన్నీ పడవ పుస్తకంలో తేదీతో సహా రాసిపెట్టాను. తీగలను నేను అనవసరంగా బిగించినంత మేరకు వదులు చేయవలసి ఉంది, అది రేపటి పని. గొయ్యి పూడ్చడం కూడా.