బామ్మర్ది మీద అనుమానం, లీటరుకు 10.2

ముందే చెప్పేస్తున్నా, ఈ కథలో దొంగ మా బామ్మర్ది కాదు. కానీ దాదాపు రెండు నెలలు వాడే అనుకున్నాను, అందుకే ఇదంతా రాస్తున్నాను.

మాది మదనపల్లె. 2019 మోడల్ బొలెరో పికప్ ఒకటి ఉంది. టమోటా లోడు ఎత్తుకుని చెన్నై కోయంబేడు మార్కెట్‌కు పోవడం, ఖాళీ క్రేట్లు వేసుకుని తిరిగి రావడం, సీజన్లో నెలకు పన్నెండు ట్రిప్పుల దాకా పడతాయి. నాకు నడుము నొప్పి మొదలైనప్పటి నుంచి బండి తోలేది మా బామ్మర్దే. పుంగనూరు, పలమనేరు, మొగిలి ఘాట్, చిత్తూరు, రాణిపేట మీదుగా పోనూ రానూ 500 కిలోమీటర్లు. ఈ రూట్లో మాకున్న అదృష్టం ఏంటంటే, మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంటుంది, చెన్నై సముద్రం ఒడ్డున, కాబట్టి లోడుతో దిగడం, ఖాళీగా ఎక్కడం. అందుకే బండి కొత్తలో పోనూ రానూ కలిపి లీటరుకు 13.5 కిలోమీటర్ల దాకా ఇచ్చేది.

అది మెల్లగా పన్నెండైంది, పదకొండైంది, ఎవరూ పట్టించుకోలేదు. ఒక నెలాఖరున డీజిల్ బిల్లులన్నీ ముందేసుకుని కూర్చుంటే 10.2 తేలింది. 13.5 ఉన్నప్పుడు ట్రిప్పుకు 37 లీటర్లు, ఇప్పుడు 49. ట్రిప్పుకు 12 లీటర్లు ఎక్కువ. మన వైపు అప్పట్లో డీజిల్ 97 రూపాయలు అటూ ఇటూ, అంటే ట్రిప్పుకు వెయ్యి రూపాయల పైనే, నెలకు దాదాపు 14 వేలు. నా బండి కంతు కూడా ఇంచుమించు అంతే.

ఇక మనసు ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. దారిలో ట్యాంకులోంచి పైపు వేసి క్యాను నింపి అమ్ముకోవడం ఈ లైన్లో కొత్త సంగతేమీ కాదు. వాడిని నేరుగా అడగలేదు కానీ, మా ఆవిడ దగ్గర నోరు జారాను. ఆమె తమ్ముడు కదా, ఆ రాత్రి ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. తెల్లారేసరికి వాడికి తెలిసిపోయింది. తాళాలు తెచ్చి టీవీ మీద పెట్టి, "ఈసారి నువ్వే తోలు బావా" అన్నాడు, అంతే.

నడుముకు బెల్టు కట్టుకుని నేనే పోయాను. నా చేత్తో ట్యాంకు నింపించి, రాత్రంతా తోలి, మధ్యలో టీ తాగడానికి దిగినప్పుడు కూడా ట్యాంకు మూత మీద ఒక కన్నేసి (సిగ్గుగానే ఉంది చెప్పుకోవడానికి), తిరిగొచ్చి మళ్ళీ నింపించి లెక్క వేస్తే 10.3 వచ్చింది. ఆ 0.1 కోసమా ఇంట్లో అంత రభస చేసింది అనిపించింది.

సరే, దొంగ బండిలోనే ఉన్నాడు. ఎక్కడ?

అందరూ చేసే తప్పులే నేనూ చేశాను. డీజిల్లో కలిపే బాటిల్ ఒకటి కొన్నాను, ఏమీ మారలేదు. ఆన్‌లైన్లో చూసి డీజిల్ పైపుకు తగిలించే అయస్కాంతం తెప్పించాను, దాంతో ఇప్పుడు మా పిల్లాడు మేకులు ఏరుతున్నాడు. ఒక మెకానిక్ దగ్గరికి పోతే మూత కూడా ఎత్తకుండా "ఇంజెక్టర్లు (ఇంజిన్లోకి డీజిల్ చిమ్మేవి) నాలుగూ పోయుంటాయి" అన్నాడు, ముప్పై వేలకు ఎస్టిమేషన్. పొగ లేదు, పికప్ తగ్గలేదు, స్టార్టింగ్ బాగుంది, మరి నాలుగు ఇంజెక్టర్లు ఒకేసారి ఎట్ల పోతాయి? వచ్చేశాను. బంకు మీద కూడా అనుమానం వచ్చింది. ప్రతి బంకులో 5 లీటర్ల కొలపాత్ర ఉంటుంది, అడిగితే మన ముందే కొలిచి చూపించాలి. అడిగాను, చూపించారు, గీత దగ్గరికి సరిగ్గా వచ్చింది. అనుమానించడానికి ఇక ఎవరూ మిగల్లేదు.

అప్పుడు పిల్లాడి పాత నోట్‌బుక్ ఒకటి తీసుకుని లెక్క రాయడం మొదలుపెట్టాను. ఒకే బంకు, వీలైతే ఒకే గన్ను, ట్యాంకు నిండి గన్ను దానంతటదే ఆగగానే (ఆటో కట్) ఆపేయడం, పైన రౌండ్ ఫిగర్ కోసం ఒక్క చుక్క కూడా పోయించకపోవడం. ఇంకో ముఖ్యమైన సంగతి, ఒకసారికి ఒకటే మార్చడం. నాలుగు మార్పులూ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలీదు, మళ్ళీ మైలేజీ పడినప్పుడు మొదటికొస్తాం.

మొదట దొరికింది బండి తప్పు కాదు, మీటరు తప్పు. అరిగిన టైర్లు మార్చినప్పుడు ఆ రోజు షాపులో ఉన్న కొంచెం పెద్ద సైజు వేయించాను, చూడ్డానికి బాగున్నాయని. టైరు పెద్దదైతే ఒక చుట్టుకు బండి ఎక్కువ దూరం పోతుంది, మీటరు మాత్రం పాత లెక్కే వేసుకుంటుంది. హైవే మీద కిలోమీటరు రాళ్ళు చూసుకుంటూ పోతే, రాళ్ళ లెక్కన 50 అయ్యేసరికి మా మీటరు 48.5 చూపించింది. అంటే నా 10.2 నిజానికి 10.5. డీజిల్ ఏమీ మిగల్లేదు, కానీ లెక్క సరైంది. అక్కడి నుంచి రాసిందంతా ఈ లెక్క సరిచేసిన అంకెలే.

రెండోది పలమనేరు దాటాక టీ కొట్టు దగ్గర దొరికింది. ఆ ట్రిప్పు ఇద్దరం కలిసి పోయాం, మాటలు పెద్దగా లేవు. బండి దిగి వాడు గ్లాసు కడుక్కున్న నీళ్ళు ఎడమ వెనక చక్రం మీద పారబోశాడు, ఊరికే, పారబోయడానికి చోటు కావాలి కాబట్టి. సుయ్‌మని ఆవిరి లేచింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కుడి వెనక చక్రం మీద పోస్తే నీళ్ళు మామూలుగా కారిపోయాయి. చెయ్యి దగ్గర పెడితే ఎడమ బ్రేకు డ్రమ్ము పెనంలా సెగ కొడుతోంది, కుడిది గోరువెచ్చగా ఉంది. ఊరికొచ్చాక జాకీ ఎత్తి చక్రం చేత్తో తిప్పితే అర చుట్టు కూడా తిరగకుండా ఆగిపోయింది. హ్యాండ్ బ్రేక్ కేబుల్ లోపల తుప్పు పట్టి, లివర్ దించినా పూర్తిగా వదలడం లేదు, బ్రేకు లైనర్ డ్రమ్మును రాసుకుంటూనే ఉంది. ఎన్ని నెలలుగా బ్రేకు సగం పట్టుకునే చెన్నై పోయొస్తున్నామో లెక్క లేదు. మొగిలి ఘాట్లో అది కాలిపోయి బ్రేకే లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. కేబుల్, లైనర్లు మార్చి, డ్రమ్ము శుభ్రం చేసి అడ్జస్ట్ చేయిస్తే తర్వాతి ట్రిప్పు 11.3.

టైర్లలో గాలి గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలుసు, ఎవరూ చేయరు. ఎంత ఉండాలో బండి స్టిక్కర్లోనే ఉంది, వెనక టైర్లలో దానికన్నా 15 పాయింట్లు (పీఎస్ఐ) తక్కువ ఉంది. కాలితో తన్ని "గట్టిగానే ఉంది" అనుకునే బ్యాచ్ మాది. 200 రూపాయల గేజ్ ఒకటి కొని, పొద్దున బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడ్డం మొదలుపెట్టాం. 11.6. చక్రాల అలైన్‌మెంట్ కూడా చేయించాను కానీ ఆ వారం చెన్నైలో వాన, శ్రీపెరుంబుదూరు దగ్గర మూడు గంటలు ట్రాఫిక్ జామ్, మైలేజీ 10.9కి పడిపోయింది. ఒక్క ట్రిప్పు చూసి తీర్మానం చేయకూడదని ఆ దెబ్బతో నేర్చుకుని, ప్రతి మార్పుకూ మూడేసి ట్రిప్పుల సగటు రాయడం మొదలుపెట్టాం.

ఇప్పుడు అసలైనది. అది పట్టుకున్నది నేను కాదు, మా బామ్మర్ది. "బావా, హీట్ ముల్లు ఎప్పుడూ కిందే ఉంటాది, లేవదు" అని వాడు అంతకు ముందు కూడా ఒకటి రెండుసార్లు అన్నాడట. బండి హీట్ అవ్వకపోవడం మంచిదే కదా అని నేనే కొట్టిపారేశాను. విషయం ఏంటంటే, రెండేళ్ళ కింద ఎండాకాలం ఘాట్ ఎక్కుతుంటే బండి హీట్ అయింది. అప్పుడు దారిలో ఒక మెకానిక్ థర్మోస్టాట్ వాల్వు పీకి చేతిలో పెట్టి, "ఇది లేకుంటే జన్మలో హీట్ కాదన్నా" అన్నాడు. నిజమే, మళ్ళీ హీట్ కాలేదు. ఆయనకు దండం పెట్టి మూడొందలు ఇచ్చి వచ్చాను.

ఆ వాల్వు పని ఏంటంటే, ఇంజిన్ 80 డిగ్రీల పైకి వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్లోకి పోనివ్వకుండా ఆపడం. అది లేకపోతే తాళం తిప్పినప్పటి నుంచే కూలెంట్ రేడియేటర్లో తిరిగి చల్లబడుతూ ఉంటుంది. రాత్రి పూట, చల్లగాలికి, కిందికి దిగే దారిలో, మా ఇంజిన్ సరిగ్గా వేడెక్కింది ఎప్పుడో దేవుడికే తెలియాలి. చల్లని ఇంజిన్లో ఆయిల్ చిక్కగా ఉంటుంది, లోపల రాపిడి ఎక్కువ, పైగా ఇప్పటి ఇంజిన్లలో సెన్సర్ చూసి "ఇంకా వేడెక్కలేదు" అనుకుని కంప్యూటర్ డీజిల్ కొంచెం ఎక్కువే పోయిస్తుంది. చలికాలం పొద్దున స్టార్ట్ చేసిన మొదటి పది నిమిషాల్లో బండి ఎట్ల తాగుతుందో, మాది 500 కిలోమీటర్లూ అట్లే తాగింది.

కొత్త వాల్వు వెయ్యి రూపాయల లోపే. కానీ అది వేయాలంటే ముందు అప్పుడు హీట్ ఎందుకైందో చూడాలి, లేకపోతే మళ్ళీ అదే కథ. రేడియేటర్ విప్పితే లోపల ఎర్రమన్నులా తుప్పు. కూలెంట్ బదులు బోరు నీళ్ళు పోసిన పుణ్యం, అది కూడా నాదే. కడిగించి, కూలెంట్ పోయించి, వాల్వు వేశాం. చిత్తూరు దాటేసరికి ముల్లు మధ్యకొచ్చి అక్కడే నిలబడింది. వాడు ఫోన్లో ఫోటో తీసి పంపాడు, కింద ఏమీ రాయలేదు. మూడు ట్రిప్పుల సగటు 12.2.

ఇక మిగిలింది కాలు. మొగిలి ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేసి వదిలేయడం మా వాడి అలవాటు, డీజిల్ మిగులుతుందని. నిజానికి తిరకాసు ఇక్కడే ఉంది. గేర్లో ఉండి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, ఇంజెక్టర్లు డీజిల్ పోయడం ఆపేస్తాయి. న్యూట్రల్ చేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ పోయాల్సిందే. అంటే ఖర్చు ఎక్కువ, బ్రేకుల మీద భారం ఎక్కువ, లోడు బండికి ఇంజిన్ పట్టు కూడా ఉండదు. ఈ ఒక్క విషయంలో మాత్రం వాడితో గట్టిగానే గొడవపడ్డాను. కోయంబేడు గేటు ముందు క్యూలో ఇంజిన్ ఆన్ చేసి పడుకోవడం కూడా మాన్పించాను. గంటకు అర లీటరుకు తగ్గకుండా పోతుంది, ఆ క్యూ ఒక్కోరోజు రెండు గంటలు.

స్పీడు విషయానికొస్తే, మా బండికి గవర్నర్ (స్పీడుకు హద్దు పెట్టే పరికరం) ఉంది, 80 దాటదు. కాబట్టి రాణిపేట నుంచి అవతల హైవే మీద యాక్సిలరేటర్ నేలకు అదిమిపెట్టి 80లోనే తోలడం మామూలు. గాలి అడ్డు స్పీడుకు వర్గం లెక్కన పెరుగుతుంది, 80 నుంచి 65కు దిగితే గాలి ఆపే బలంలో మూడో వంతు తగ్గిపోతుంది. చెన్నైకి మహా అయితే అరగంట ఆలస్యం. ఆ అరగంట ఇక్కడ ముందు బయల్దేరితే సరిపోతుంది, మండీలో రేటు మారదు.

గాలి సంగతి బుర్రకెక్కాక క్రేట్ల మీద కన్నుపడింది. తిరుగు ప్రయాణంలో మా క్రేట్లతో పాటు ఇంకో మండీ వాళ్ళ ఖాళీ క్రేట్లు కూడా వేసుకొచ్చేవాళ్ళం, ట్రిప్పుకు 400 బాడుగ. బరువేముంది, ప్లాస్టిక్కే కదా అని. కానీ అవి క్యాబిన్ మీద నాలుగు వరసలు లేచి, పైన పట్ట కొట్టుకుంటూ, బండి ముందుకు పోతుంటే గోడను నెట్టుకుపోతున్నట్టే. రాణిపేట పక్కన వాలాజా దగ్గర నింపి, ఇంటి దగ్గర మళ్ళీ నింపి, తిరుగు దారి వరకు విడిగా లెక్క వేశాం. వాళ్ళ క్రేట్లు ఉంటే ఆ దారికి మూడున్నర నాలుగు లీటర్లు ఎక్కువ. అంటే 400 బాడుగ తీసుకుని 350 పైన డీజిల్ కాల్చాం, ఎక్కించి దించిన కూలీ, తాడు, పట్ట అన్నీ మనవే. ఇన్నేళ్ళూ అది లాభం కింద రాసుకున్నాను. ఇప్పుడు క్యాబిన్ ఎత్తు దాటి క్రేటు వేయడం లేదు, ఆ మండీ ఆయనకు కోపం వచ్చింది, రానీ.

ఈజీఆర్ (కాలుష్యం తగ్గించడానికి పొగలో కొంత మళ్ళీ ఇంజిన్లోకి పంపే వాల్వు) మూసేస్తే ఇంకో అర కిలోమీటరు వస్తుందని ఒకరిద్దరు అన్నారు. చేయించలేదు. పొల్యూషన్ తనిఖీలో దొరికితే ఎవరికి చెప్పుకోవాలి.

మొత్తానికి ఇప్పుడు 13.2 నుంచి 13.5 మధ్య ఆడుతోంది. లైనర్లు, కేబుల్, వాల్వు, రేడియేటర్ అన్నీ కలిపి అయిన ఖర్చు ఒక నెలన్నరలోపే డీజిల్లో తిరిగొచ్చింది, ఆ ముప్పై వేల ఇంజెక్టర్లు ఇంకా పాతవే.

వాడికి సారీ అని నేను నోటితో చెప్పలేదు, బావా బామ్మర్దుల మధ్య అట్ల చెప్పుకునే అలవాటు మా ఇళ్ళలో లేదు. ట్రిప్పుకు ఇచ్చే బత్తా రెండొందలు పెంచాను, ఎందుకని వాడూ అడగలేదు. నోట్‌బుక్ ఇప్పుడు వాడి దగ్గరే ఉంటుంది. పోయిన వారం వాడు తోలింది 13.6, పక్కన చిన్న అక్షరాలతో "వాన లేదు, క్రేట్లు తక్కువ" అని రాసుకున్నాడు. దాని కింద నేను తోలిన ట్రిప్పు, 12.8. దాని పక్కన మా ఆవిడ పెన్నుతో ఒక ప్రశ్నార్థకం పెట్టింది.