పాత కూపేతో తేలికైన ర్యాలీ కారు: షెల్ దాకా వచ్చాం

మొత్తానికి కారు బోడిగా మిగిలింది. డోర్లు, బానెట్, డిక్కీ మూత, సీట్లు, డాష్‌బోర్డ్, వైరింగ్, అద్దాలు, ఇంజన్, గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ అన్నీ బయటికొచ్చేశాయ్, షెల్, అంటే ఖాళీ బాడీ, ఒక్కటే గుండ్రంగా తిప్పే స్టాండ్ మీద ఎక్కి కూర్చుంది. ఇకనించి అసలు పని.

కారు టొయోటా కరోలా ఏఈ86. 1983లో వచ్చి 1987 దాకా తయారైన బండి. ఆ జనరేషన్‌లో మిగతా కరోలాలన్నీ ముందు చక్రాల డ్రైవ్‌కి మారిపోతే ఈ కూపే మాత్రం పాత పద్ధతిలో వెనక చక్రాలతోనే నడిచింది, దానికితోడు 1587 సీసీ 16 వాల్వుల ట్విన్ క్యామ్ ఇంజన్. అన్నిటికన్నా నాకు నచ్చింది బరువు, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడే టన్ను లోపు. ఇప్పటి చిన్న కార్లు చాలావాటికి ఆ మాట చెప్పుకునే యోగం లేదు.

ర్యాలీ కారు కడుతున్నా అనగానే అందరూ హార్స్‌పవర్ ఎంత అనే అడుగుతారు. నేను ముందు కిలోలు లెక్కేస్తా. 950 కిలోల కారుకి 130 హార్స్‌పవర్ ఉంటే చాలు, అదే ఊపు 1300 కిలోల కారుకి రావాలంటే 178 కావాలి. సరే ఇంజన్ పెంచుకోవచ్చు అనుకుందాం, కానీ పెంచాక క్లచ్ పెద్దది కావాలి, గేర్‌బాక్స్ గట్టిది కావాలి, హాఫ్ షాఫ్ట్‌లు మార్చాలి, రేడియేటర్ పెద్దది పెట్టాలి, ఇవన్నీ మళ్ళీ బరువే. అటునుంచి కాకుండా బరువు దించుకుంటూ వస్తే అన్నీ చిన్నవయిపోతాయ్. బ్రేకులే చూడండి, అదే స్పీడ్‌లో 1300 కిలోల కారుని ఆపడానికి ఎంత వేడి పుడుతుందో 950 కిలోల కారుకి అందులో పావు వంతుకి పైనే తగ్గుతుంది, పొడవాటి దిగుడు రోడ్డులో డిస్కులు ఎర్రబడకుండా ఉండటానికి ఇంతకన్నా చవకైన దారి నాకు తెలీదు.

అలాగని కనపడిందల్లా కోసి పారేస్తే అది ర్యాలీ కారు కాదు. ట్రాక్ మీద తిరిగే కారుకైతే సరిపోవచ్చేమో, రాళ్ళ రోడ్డు మీద ఎగిరి దిగే కారుకి కాదు. పాత కార్లలో దీనికి రెండు కొసలూ కనిపిస్తాయ్. ఆల్పీన్ ఏ110 ఫైబర్‌గ్లాస్ బాడీతో గాలిలా ఉండేది, 1973లో మొదటి ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ దాని కంపెనీదే. అదే 1973లో సఫారీ ర్యాలీ గెలిచింది మాత్రం డాట్సన్ 240జెడ్, 1971లో కూడా అదే, స్టీల్ బాడీతో ఇంకా బరువైన కూపే, ఆఫ్రికా రోడ్ల మీద చివరిదాకా నిలబడింది. నాకు ఆ రెండూ ఒకే కారులో కావాలి, అందుకే ఒక చోట తీసిన కిలో ఇంకో చోట తిరిగి పెట్టడానికి తీస్తున్నా అనుకునే పని చేస్తున్నా.

తీయడం గురించి ముందు. లోపల నేల మీద చప్పుడు రాకుండా ఫ్యాక్టరీలో అతికించిన తారు షీట్లు ఉంటాయ్, నలభై ఏళ్ళకి అవి రేకులో కలిసిపోయినట్టే. హీట్ గన్‌తో కరిగించి గీకితే చేతులకీ బట్టలకీ జిగురు, వాసన. డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) ముక్కలు పరిచి కాసేపు ఆగితే చాలు. అది మైనస్ 78 డిగ్రీలు, తారు గాజులా పెళుసయిపోతుంది, పక్కన చిన్న సుత్తితో ఒక్కటి కొడితే టప్‌మని పగులు పాకి అరచేతులంత పెచ్చులు లేచొస్తాయ్, కింద ఫ్యాక్టరీ పెయింట్ చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. ఆ పని చేస్తుంటే వచ్చే సంతోషం వేరే. గ్లవ్స్ తప్పనిసరి, పనిచేసే గది తలుపులన్నీ బార్లా తీసిపెట్టాలి, ఎందుకంటే డ్రై ఐస్ ఆవిరై కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ అవుతుంది, బరువైన గ్యాస్ కాబట్టి కారు నేల మీదే నిలబడిపోతుంది, తల లోపల పెట్టి పనిచేసే చోట అది ప్రమాదం.

తీసిన ప్రతి ముక్కా తూకం వేసి నోట్‌బుక్‌లో రాస్తున్నా, బ్రాకెట్ల దగ్గర్నించి. వాడని బ్రాకెట్లు, యాష్‌ట్రే, సీట్ బెల్టుల పాత మౌంట్లు, ఒక్కోటీ చూస్తే ఏమీ ఉండవు, బకెట్లో వేస్తే ఎత్తలేం. పక్క అద్దాలు పాలీకార్బొనేట్ అవుతున్నాయ్, అంతే మందంలో గాజు బరువులో సగమే. ముందు అద్దం మాత్రం లామినేటెడ్ గాజే, దుమ్ములో వైపర్ తిరిగితే ప్లాస్టిక్ గీతలు పడి ఎండకి ఎదురు వెళ్ళేటప్పుడు ఏమీ కనపడదు, పైగా రూల్ కూడా.

ఇక తిరిగి పెట్టే బరువులో మొదటిది కేజ్, అంటే కారు బోల్తా పడినా లోపలివాళ్ళని కాపాడే ఉక్కు పైపుల పంజరం. దీంట్లో బేరం లేదు. ప్రపంచ మోటార్ స్పోర్ట్ సంస్థ ఎఫ్ఐఏ రూల్స్‌లో అపెండిక్స్ జే, అందులో ఆర్టికల్ 253 చదవకుండా ఎవరూ పైపు కొనొద్దు. మెయిన్ హూప్‌కి, అంటే సీట్ల వెనక అడ్డంగా నిలబడే పెద్ద వంపు పైపుకి, 45 మిల్లీమీటర్ల వ్యాసం 2.5 మందం అయినా, 50కి 2 అయినా పెట్టుకోవచ్చు, మిగతా పైపులకి 38కి 2.5 లేదా 40కి 2, అతుకు లేని కోల్డ్ డ్రాన్ స్టీల్, బలం కనీసం 350 న్యూటన్లు చదరపు మిల్లీమీటరుకి. ఇక్కడే బరువు చూసేవాళ్ళకి ఒక మంచి విషయం ఉంది: లావు ఎక్కువ, మందం తక్కువ ఉన్న పైపు తీసుకుంటే హూప్‌లో మీటరుకి పావు కిలో, మిగతా పైపుల్లో మీటరుకి 300 గ్రాముల పైన తగ్గుతుంది, కేజ్ మొత్తం కలిపి చూస్తే బలం దగ్గర రూల్ తప్పకుండానే చాలా కిలోలు మిగుల్తాయ్. నేను అదే తీసుకున్నా. చిన్న కూపే కదా, లోపల చోటు తక్కువ, హూప్‌ని డోర్ వెనక ఉండే బీ పిల్లర్‌కి ఎంత దగ్గరగా ఆనించగలిగితే అంత ఆనించాం, హెల్మెట్ తగిలే చోటల్లా ప్యాడింగ్ వస్తుంది.

కేజ్ పైపులు ముందు వైపు స్ట్రట్ టవర్ల దాకా, అంటే ముందు సస్పెన్షన్ పైకొస బిగించే చోట్ల దాకా, వెళ్ళాలి అని నా పట్టుదల, రాయి కొట్టిన దెబ్బ అంతా మొదట చేరేది అక్కడికే. ఆ టవర్ల చుట్టూ, సిల్స్ (డోర్ల కింది అంచులు) వెంట సీమ్ వెల్డింగ్, అంటే రేకుల అతుకుల వెంట వెల్డింగ్, నడుస్తోంది. పొడుగ్గా గీత గీసినట్టు వేయకూడదు, ఇంచు వేసి రెండించులు వదిలి, అటు కాసేపు ఇటు కాసేపు దూరం దూరంగా, లేకపోతే వేడికి రేకు మెలిపడి షెల్ వంకర పోతుంది. వెల్డింగ్‌కి ముందు తుప్పు ఉన్న చోటల్లా కోసి కొత్త రేకు పెట్టడం అయింది, దాని గురించి ఇంక చెప్పను, ఎంత చెప్పినా తక్కువే.

వెనక యాక్సిల్ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ తేలిక కారులో అసలు చిక్కు అక్కడే ఉంది. ఇది లైవ్ యాక్సిల్, అంటే బయటి గొట్టం అయిన హౌసింగ్, లోపలి క్రౌన్ గేర్, చక్రాలని తిప్పే హాఫ్ షాఫ్ట్‌లు అన్నీ చక్రాలతోపాటే ఎగిరి పడతాయ్. బాడీ బరువు ఎంత తగ్గిస్తే యాక్సిల్ వాటా అంత పెరుగుతుంది, అప్పుడు రాయి తగిలి యాక్సిల్ ఎగిరితే బాడీని కూడా తోసుకుని పోతుంది, టైరు నేల వదిలేస్తుంది. అందుకని షాక్ అబ్జార్బర్ల మీద డబ్బు దాచుకోవద్దు అంటాను, ఇంజన్ మీద పెట్టేది తగ్గించి అయినా అక్కడ పెట్టండి. స్ప్రింగులు మెత్తగా, ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదిలే దూరం) వీలైనంత పొడుగ్గా, బ్రేక్ కాలిపర్లు అల్యూమినియంవి. చక్రాలు మాత్రం తేలిక కోసం పల్చటివి వద్దు, వంకర పోయిన రిమ్‌తో ర్యాలీ స్టేజ్ అక్కడితో ఆగిపోతుంది.

మిగతావి నిర్ణయమైపోయాయ్. బ్యాటరీ వెనక్కి, స్టెప్నీ సీట్ల వెనక నేలకి ఆనుకుని, బ్రేక్ పైపులు కారు లోపల నుంచి, ఇంజన్ కింద మందపాటి అల్యూమినియం గార్డ్. నాలుగు మూలలా తూకం వేసేటప్పుడు మాత్రం డ్రైవరూ నావిగేటరూ ఇద్దరూ హెల్మెట్లతో సహా లోపల కూర్చోవాల్సిందే, ఇద్దరూ కలిసి కేజ్ కన్నా చాలా బరువు, వాళ్ళని వదిలేసి చేసిన లెక్క లెక్క కాదు.

ఎడమ టవర్ వెల్డింగ్ అయింది, కుడిది సగంలో ఉంది. అది అయ్యాక వెనక యాక్సిల్ హౌసింగ్ కింద పట్టీ వేసి బలం పెట్టాలి, ఆ తర్వాత ప్రైమర్. హౌసింగ్ పని కొలతలతో సహా విడిగా రాస్తా, ఎవరైనా లైవ్ యాక్సిల్ కారు కడుతుంటే మీరు పట్టీ ఎంత మందం వేశారో చెప్పండి.